పులికాట్ ఒడ్డున పక్షులతో ఒక రోజు



మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేవేళ మన పల్లెల్లో గాలి మారుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చెబుతారు. చలితోపాటు మరికొందరు కూడా ప్రయాణానికి సిద్ధమవుతారు. కార్తీకంలో మన చెరువులకు, సరస్సులకు చుట్టపుచూపుగా వచ్చిన పక్షులు తిరుగుముఖం పట్టే కాలం కూడా ఇదే. అదే సమయంలో మన ఊరి పక్షులు గూళ్ళు కట్టుకోవడం మొదలుపెడతాయి. వెళ్ళేవారిని, ఉండేవారిని ఒకే రోజున చూడాలంటే ఇంతకన్నా మంచి అదను లేదు. అలాంటి ఒక రోజును ఎలా గడపవచ్చో, ఏం చూడవచ్చో, చూసినదాని వెనుక ఉన్న కారణాలు ఏమిటో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

ఇందుకు నేను ఎంచుకున్న చోటు పులికాట్ సరస్సు. ఒడిశాలోని చిలికా తర్వాత మనదేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఇందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. తమిళులు పళవేర్కాడు అనే ఊరే ఇంగ్లీషువాళ్ళ నోట పులికాట్ అయింది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరాయి. జిల్లా గీతలు, రాష్ట్రాల గీతలు మనకేగాని పక్షులకు లేవు. పొద్దున ఆంధ్రలో చేపను పట్టిన గూడబాతు మధ్యాహ్నానికి తమిళనాడులో రెక్కలు ఆరబెట్టుకుంటుంది. గుమ్మిడిపూండి, ఆరంబాక్కం చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్ళ బతుకూ దాదాపు అలాంటిదే.

రోజును తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. పక్షులు మేతకు బయలుదేరేది, ఎక్కువగా కూసేది సూర్యోదయానికి అటూ ఇటూ ఉన్న గంట రెండు గంటల్లోనే. చెన్నై నుంచి గుమ్మిడిపూండి మీదుగా సూళ్ళూరుపేటకు లోకల్ రైళ్ళు ఉన్నాయి. అక్కడి నుంచి నెల్లూరు వెళ్ళే దారిలో దొరవారిసత్రం దగ్గర హైవే దిగి కాస్త లోపలికి వెళితే నేలపట్టు. ఈ పక్షుల రక్షిత కేంద్రాన్ని 1976లో ఏర్పాటు చేశారు. దీని విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. చూడటానికి మామూలు చెరువే. కాకపోతే చెరువు నీళ్ళలోనే కడప చెట్లు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటాయి. మొదలు వరకూ నీళ్ళు ఉన్నా కుళ్ళకుండా బతికే చెట్టు అది. ఆ చెట్ల తలలన్నీ సున్నం చల్లినట్లు తెల్లగా కనిపిస్తాయి. అది పక్షుల రెట్ట.

చెట్ల మీద ఉన్నవాటిలో పెద్దవి గూడబాతులు. కాలువ నీళ్ళను పొలంలోకి ఎత్తిపోయడానికి మన రైతులు గూడ వేసేవారు గుర్తుందా? ఈ పక్షి ముక్కు కింద వేలాడే తోలుసంచి అచ్చం ఆ గూడలాగే పనిచేస్తుంది. చేపలున్న నీళ్ళను ఒక్కసారిగా తోడి, నీళ్ళను వదిలేసి, చేపను మింగుతుంది. పేరు పెట్టినవాళ్ళు పక్షిని ఎంత శ్రద్ధగా చూశారో గమనించండి. తమిళంలో దీన్ని కూళైక్కడా అంటారు.

గూడబాతులు మన దేశపు పక్షులే. ఇవి సైబీరియా నుంచి వచ్చాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ ప్రాంతంలో వానలు పడి చెరువు నిండుతుంది. చెట్ల చుట్టూ నీళ్ళు చేరాయంటే పక్షులకు కోట చుట్టూ కందకం తవ్వినట్లే. నక్క, కుక్క, అడవిపిల్లి గూటి దాకా రాలేవు. అప్పుడే అవి గూళ్ళు కట్టి గుడ్లు పెడతాయి. గుడ్డు పొదగడానికి సుమారు నెల రోజులు పడుతుంది. పిల్ల రెక్కలు వచ్చి ఎగరడానికి మరో మూడు నెలల పైమాటే. అంటే నవంబరులో పెట్టిన గుడ్డులోని పిల్ల మార్చిలోగాని ఎగరదు. ఈ లెక్కను కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఫిబ్రవరి చివర వెళితే పిల్లలు తల్లిదండ్రులంత పెరిగి ఉంటాయి. తల్లి పక్షి నోరు తెరిస్తే పిల్ల తన తలనంతా ఆ సంచిలో దూర్చి చేపను తింటుంది. కొత్తగా చూసేవారికి తల్లే పిల్లను మింగుతున్నట్లు అనిపిస్తుంది. గూటి అంచున నిలబడి రెక్కలు టపటపలాడించే పిల్లలు కనిపిస్తాయి. అది ఆట కాదు, ఎగరడానికి కండను గట్టిపరచుకునే కసరత్తు.

అదే చెట్ల మీద నత్తగొట్టు కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు కూడా ఉంటాయి. నత్తగొట్టు కొంగ ముక్కును జాగ్రత్తగా చూడండి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. నత్తను పట్టుకోవడానికి ఆ సందు అనువుగా ఉంటుంది. పిల్ల పక్షికి ఆ సందు ఉండదు, వయసుతో వస్తుంది. వరినారును కొరికే నత్తలను తినే పక్షి కాబట్టి ఇది రైతుకు మేలు చేసేదే. తమిళంలో దీని పేరు నత్తై కుత్తి నారై. తెలుగులో నత్తగొట్టు, తమిళంలో నత్తై కుత్తి! నీటికాకిని వాళ్ళు నీర్‌కాకం అంటారు. తెడ్డుమూతి కొంగను వాళ్ళు కరండివాయన్ అంటారు, అంటే గరిటె నోటివాడు. మనం తెడ్డు అన్నాం, వాళ్ళు గరిటె అన్నారు. వంటింటి దాకా వెళ్ళడంలో ఇద్దరమూ ఒకటే.

చెరువు కింది రైతులకు ఈ పక్షులంటే ఇష్టం ఉండటానికి మరో కారణం ఉంది. వేల పక్షుల రెట్ట నీళ్ళలో కలిసి ఎరువవుతుంది. ఆ నీరు పారిన పొలానికి ఎరువుల ఖర్చు తగ్గుతుంది. తమిళనాడులోని వేడంతాంగల్ చెరువు దగ్గర కూడా ఇదే కథ. అక్కడి ఊరివాళ్ళు 18వ శతాబ్దం చివరినుంచే పక్షులను వేటాడకుండా కాపాడుకుంటూ వచ్చారు. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరులో గూడబాతులు ఊరి మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులని ఆ ఊరివాళ్ళు వాటిని ఆదరిస్తారు.

ఎండ ఎక్కేలోపు నేలపట్టు నుంచి సూళ్ళూరుపేటకు వచ్చి శ్రీహరికోట రోడ్డు పట్టాలి. ఈ రోడ్డు సరస్సు మీదుగానే సాగుతుంది. రోడ్డుకు రెండువైపులా కనుచూపు మేర నీళ్ళే. అటకానితిప్ప దగ్గర ఆగి చూడవచ్చు. రోడ్డు చివర ఉన్నది అంతరిక్ష కేంద్రం, అక్కడికి అనుమతి లేనిదే పోనివ్వరు. మనకు కావలసింది దారిలోనే దొరుకుతుంది.

నీళ్ళలో దూరంగా గులాబీరంగు గీత గీసినట్లు కనిపించేది ఫ్లెమింగోల గుంపు. మనవాళ్ళు వీటిని రాజహంసలంటారు. తమిళులు పూనారై అంటారు, అంటే పూల కొంగ. నాలుగడుగుల పైన ఎత్తుండే ఈ పక్షి మోకాలి లోతు నీళ్ళలో తలను తలకిందులు చేసి మేస్తుంది. వంగిన ముక్కు లోపల జల్లెడలాంటి పళ్ళు ఉంటాయి. నాలుకతో నీళ్ళను లోపలికి లాగి బయటకు తోస్తుంటే, సన్నని నాచు, చిన్న రొయ్యజాతి పురుగులు ఆ జల్లెడలో నిలిచిపోతాయి. వాటిలో ఉండే రంగు పదార్థమే పక్షి రెక్కలకు గులాబీరంగునిస్తుంది. గుంపులో బూడిదరంగువి కనిపిస్తే అవి పిల్లలని తెలుసుకోండి. రంగు పూర్తిగా రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మనదేశంలో ఇవి పెద్ద ఎత్తున గుడ్లు పెట్టే చోటు గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతం.

ఇక బాతులను చూడాలి. సూదిలాంటి పొడుగు తోక ఉన్నది సూదితోక బాతు. తమిళంలోనూ అదే అర్థం వచ్చేలా ఊసివాల్ వాత్తు అన్నారు. ఇది మాత్రం నిజంగానే ఉత్తరపు చలిదేశాల నుంచి వచ్చినది. ఫిబ్రవరి చివరలో ఈ బాతులు తెగ మేస్తూ కనిపిస్తాయి. దూరప్రయాణానికి కావలసిన కొవ్వును ఒంట్లో దాచుకుంటాయి. మనం ప్రయాణానికి సద్దిమూట కట్టుకుంటాం, అవి సద్దిని ఒంట్లోనే కట్టుకుంటాయి.

అవి ఎందుకు వెళతాయి? ఇక్కడ ఎండలు భరించలేక అని అనేస్తాం. అదొక్కటే కారణం కాదు. ఉత్తరాన వేసవిలో పగలు చాలా పొడుగు. మంచు కరిగి ఎక్కడ చూసినా నీళ్ళు, పురుగులు. పిల్లలను పెంచడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. వెళ్ళే సమయం వచ్చిందని వాటికి ఎలా తెలుస్తుంది? పగటి పొడుగును బట్టి తెలుస్తుంది. సంక్రాంతి నుంచి పగలు కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఆ మార్పుకు పక్షి శరీరంలోని గ్రంథులు స్పందిస్తాయి. ఆకలి పెరుగుతుంది, ఈకలు మారతాయి, రాత్రిళ్ళు నిలకడ ఉండదు.

ఈకల మార్పును మనం కళ్ళారా చూడవచ్చు. సరస్సు మీద ఎగిరే గల్ పక్షుల్లో గోధుమరంగు తల గల్ ఒకటి. చలికాలంలో దాని తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గర చిన్న మచ్చ మాత్రం ఉంటుంది. మార్చి వచ్చేసరికి తలకు గోధుమరంగు టోపీ పెట్టినట్లు అవుతుంది. ఒకే గుంపులో టోపీ పూర్తిగా వచ్చినవి, సగం వచ్చినవి, అసలు రానివి కనిపిస్తాయి. ఒడ్డున బురదలో పొడిచే ఉల్లంకి జాతి పక్షుల్లో కొన్నిటికి మెడ, రొమ్ము ఇటుకరంగుకు తిరుగుతాయి. ఉల్లంకిని తమిళులు ఉళ్ళాన్ అంటారు. ఇక్కడా మాట ఒకటే.

కర్ణాటక శ్రోతలకు ఒక సంగతి చెప్పాలి. తల మీద రెండు నల్లపట్టీలు ఉండే పట్టీతల బాతులు గదగ్ జిల్లా మాగడి చెరువుకు, మైసూరు దగ్గరి హదినారు చెరువుకు చలికాలంలో వస్తాయి. మంగోలియాలో శాస్త్రజ్ఞులు మెడకు గుర్తు పట్టీలు వేసి వదిలిన బాతులు మైసూరు ప్రాంతపు చెరువుల్లో కనిపించాయి. హిమాలయాలను దాటి వచ్చే పక్షి అది. మన పల్లె చెరువును వెతుక్కుంటూ అంతదూరం నుంచి వస్తున్నదంటే ఆ చెరువు విలువ ఎంతో ఆలోచించండి.

మధ్యాహ్నం ఎండలో పక్షులు నీడపట్టున ఉంటాయి. ఆ వేళ ఊళ్ళ వైపు వెళ్ళి మన ఊరి పక్షులను చూడాలి. మోదుగలు, బూరుగలు ఆకు రాల్చి ఎర్రగా పూసే రోజులు కాబట్టి తేనె కోసం గోరింకల గుంపులు చేరతాయి. కంసాలి పిట్ట టుక్కు టుక్కుమని సుత్తి వేస్తూ ఉంటుంది. పాలపిట్ట కరెంటు తీగ మీద ఊరికే కూర్చున్నట్లుండి, ఒక్కసారిగా పైకి లేచి, గాలిలో పల్టీలు కొడుతూ నీలిరెక్కలు చూపిస్తుంది. అది జతను పిలిచే ఆట. తమిళంలో దీన్ని పనంగాడై అని, కన్నడంలో నీలకంఠ అని అంటారు. తెలంగాణ, కర్ణాటక, ఒడిశా మూడు రాష్ట్రాలకూ ఇదే రాష్ట్రపక్షి.

పొలంగట్ల మీద తీతువు అరుస్తుంది. తీతువు కూస్తే కీడని మనవాళ్ళు భయపడతారు. తమిళులు దానికి ఆళ్‌కాట్టి అని పేరు పెట్టారు, అంటే మనిషిని పట్టి చూపించేది. ఈ పేరులోనే కారణం ఉంది. అది నేల మీదే, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. ఎండలు మొదలయ్యే రోజుల నుంచి దానికి గుడ్ల కాలం. మనిషిగాని కుక్కగాని అటువైపు వస్తే గోలచేసి దారి మళ్ళించాలని చూస్తుంది. పాపం, అది మన చావును కోరడం లేదు, తన పిల్లల ప్రాణం కోరుతున్నది. తీతువు అరిచినప్పుడు కాలు ఆపి, కింద చూసి నడవండి.

సాయంత్రానికి తడ దగ్గరి భీములవారిపాలెం రేవుకు చేరితే రోజు పూర్తవుతుంది. ఇరకం దీవికి పడవలు ఇక్కడి నుంచే వెళతాయి. సరస్సు నడిమి నుంచి గూటికి తిరిగే పక్షుల వరుసలను ఇక్కడ చూడవచ్చు. వలలు సర్దుకునే బెస్తవారిని కూడా పలకరించండి. ఏ నెలలో ఏ పక్షి వస్తుందో, ఏ చేప ఎక్కడ దొరుకుతుందో వాళ్ళకు తెలిసినంత పుస్తకాల్లో దొరకదు. ఈ సరస్సులో ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో వంతుల ప్రకారం తేల్చుకునే పద్ధతి తరతరాలుగా ఉంది. దాన్ని పాడు అంటారు. నీటిని అందరూ పంచుకోవాలన్న బుద్ధి అందులో ఉంది.

ఇప్పుడు ఇందాకటి లెక్క దగ్గరకు వద్దాం. నవంబరు గుడ్డు మార్చికి ఎగరాలి. ఆ నాలుగు నెలలూ చెరువులో నీళ్ళు ఉండాలి, దగ్గర్లో చేపలు ఉండాలి. వాన ఆలస్యమైతే గూళ్ళు ఆలస్యమవుతాయి. చెరువు ముందుగా ఎండితే చెట్ల కింద నేల తేలుతుంది, కుక్కలూ నక్కలూ వస్తాయి, మేత దూరమవుతుంది. రెక్కలు రాని పిల్ల ఎక్కడికి పోతుంది? అందుకే ఫిబ్రవరిలో చెరువులో ఎంత నీరుందన్నది చూడముచ్చట సంగతి కాదు, పిల్లల బతుకు సంగతి.

పులికాట్‌కూ ఇలాంటి లెక్కే ఉంది. ఆరణి, కాళంగి నదులు మంచినీరు తెస్తాయి. సముద్రపు ముఖద్వారాల నుంచి ఆటుపోట్లతో ఉప్పునీరు వస్తుంది. ఈ రెండూ కలిస్తేనే రొయ్య, పీత, చేప పెరుగుతాయి. అవి పెరిగితేనే బెస్తవారికి తిండి, పక్షికి తిండి. ముఖద్వారాలు ఇసుకమేటతో పూడినకొద్దీ ఆటుపోట్లు తగ్గుతాయి, సరస్సు మెరక అవుతుంది, వేసవిలో ఉత్తరభాగం బీటలు వారుతుంది. దీనికి మందు లేకపోలేదు. చిలికాలో కూడా ఇలాగే నోరు పూడుకుపోయి చేపలు తగ్గిపోతే, 2000లో సముద్రానికి కొత్త ముఖం తవ్వారు. ఉప్పునీరు మళ్ళీ వచ్చింది, చేపలూ తిరిగి వచ్చాయి. పక్షి కోసం చేసే పని మనిషికి నష్టం కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పక్షులను చూడటానికి వెళ్ళేవారు కొన్ని మర్యాదలు పాటించాలి. ముదురురంగు, మెరిసే బట్టలు వద్దు, ఆకులో మట్టిలో కలిసే రంగులు మేలు. బైనాక్యులర్స్ ఉంటే మంచిది, లేకపోయినా పరవాలేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిల్ తప్పనిసరి. ఫ్లెమింగోల గుంపును ఫోటో కోసం దగ్గరకు వెళ్ళి లేపకండి. ప్రయాణానికి కూడబెట్టుకున్న కొవ్వు ఆ ఎగురుడుతో ఖర్చయిపోతుంది. సెల్‌ఫోన్లో పక్షి కూతను వినిపించి పిలవకండి. ప్లాస్టిక్ సంచులు, తెగిన గాలిపటం దారాలు అక్కడ వదలకండి. పక్షులను పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని పిల్లలకూ చెప్పండి.

పులికాట్ అందరికీ దగ్గర కాదు. కాని ఎవరికి దగ్గరలో ఉన్నది వారికి ఉంది. యానాం శ్రోతలకు కోరింగ మడ అడవులున్నాయి. గంజాం, బరంపురం వారికి చిలికా ఉంది. షోలాపూర్‌లోని మన తెలుగువాళ్ళకు ఉజని జలాశయం ఉంది, భిగ్వణ్ దగ్గర ఫ్లెమింగోలు చేరతాయి. హిందూపురం, బాగేపల్లి వైపు వారికి వీరాపురం ఉంది, అక్కడ ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళోని చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఇవేవీ కుదరకపోతే మీ ఊరి చెరువుగట్టు చాలు. ప్రతి ఫిబ్రవరిలోనూ నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పక్షులను లెక్కపెడతారు. 2013 నుంచి మనదేశం కూడా అందులో పాల్గొంటున్నది. ఒక చోట పదిహేను నిమిషాలు నిలబడి చూసినవాటిని రాసి పంపితే చాలు.

చివరగా ఉపాధ్యాయుడిగా ఒక మాట. మా సరిహద్దు బడుల్లో పిల్లలను ఏదైనా నీటిపక్షి పేరు అడిగితే తెలుగులో కొంగ అంటారు, తమిళంలో కొక్కు అంటారు. పది రకాల పక్షులకు ఒకే పేరు. గూడబాతు, నత్తగొట్టు, కంకణం, ఉల్లంకి, తీతువు అనే మాటలు వాళ్ళ తాతల నోట ఉన్నాయి, వాళ్ళ నోటికి రాలేదు. పేరు తెలియనిదాన్ని పోగొట్టుకున్నా, పోయిందని తెలియదు. కాబట్టి ఈ ఫాల్గుణంలో మీ పిల్లలను ఒక పొద్దు చెరువుగట్టుకు తీసుకువెళ్ళండి. ఇంట్లో తాతయ్యో నాయనమ్మో ఉంటే వారినీ వెంట రమ్మనండి. వాళ్ళు చెప్పిన పేరును పిల్లలు నోటుపుస్తకంలో తెలుగులో ఒకసారి, ఇరుగుపొరుగు భాషలో ఒకసారి రాసుకోవాలి. రెండు భాషల మధ్య బతికే మనకు ఒక్కో పక్షికి రెండు పేర్లు దక్కుతాయి. ఆ ఆస్తిని కాపాడుకుందాం.